పెళ్లిళ్ల హాలులో 88 మంది: నల్లగొండలో వరద ఆశ్రయం తయారీ డైరీ

జూన్ 3. జాగ ఎంపిక

చెరువు మత్తడి దుంకిన రాత్రి శిఖం (చెరువు ముంపు) భూముల్లో కట్టుకున్న కాలనీల వాళ్లు ఎక్కడికి పోవాలన్నది వాన పడ్డాక ఆలోచించే సంగతి కాదు. పట్టణంలో ఒక చోటు చూసి, వానలు ముదరకముందే సిద్ధం చేసి పెట్టడం ఈ పని.

సర్కారు బడిని మొదటే పక్కన పెట్టాం. ఒకటి రెండు రాత్రులకు బడి సరిపోతుంది. మూడో రోజు నుంచి అటు చదువు, ఇటు మధ్యాహ్న భోజనం రెండూ ఆగిపోతాయి. ఇంట్లోంచి నీళ్లు తీసినా బుర్ద ఎత్తిపోసి, గోడలు ఆరి, కరెంటు మళ్లీ ఇచ్చేసరికి ఇంకో నాలుగు రోజులు పడుతుంది. అది కూడా ఇల్లు నిలబడి ఉంటే. 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తిన రాజోలిలో చాలామందికి తిరిగి పోవడానికి ఇల్లే మిగల్లేదు.

అందుకే ఫంక్షన్ హాలు. వంటకు షెడ్డు, బోరు, జనరేటర్, లారీ తిరిగేంత ఖాళీ జాగ అన్నీ ఉంటాయి. చిక్కల్లా ముహూర్తాలతోనే. ఆషాఢంలో, భాద్రపదంలో హాలు ఖాళీ. శ్రావణంలో మాత్రం రోజుకో పెళ్లి. 2024లో కోదాడ మునిగింది ఆగస్టు 31 రాత్రి, అంటే శ్రావణం ఇంకా పోలేదు. కాబట్టి యజమానితో రాసుకున్న కాగితంలో మొదటి షరతు ఇదే: బుకింగ్ ఉన్న రోజున అవసరం పడితే పెళ్లి డైనింగ్ హాలుకు మారుతుందా, లేక మనం రెండో హాలుకు మారాలా అన్నది ముందే తేల్చుకోవాలి. రెండో హాలు పేరు కూడా అదే కాగితంలో ఉండాలి. విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 65 కింద భవనాన్ని స్వాధీనం చేసుకునే అధికారం జిల్లా యంత్రాంగానికి ఉంది, 66 కింద పరిహారమూ ఉంది. ఆ అధికారం ఉందని తెలిసి కూర్చోవడం కంటే, తాళంచెవి రాత్రి రెండింటికి ఎవరి దగ్గర దొరుకుతుందో రాసుకోవడం ఎక్కువ పనికొస్తుంది. ఇద్దరి నంబర్లు తీసుకున్నాం.

జూన్ 7. కొలతలు

"మా హాల్లో 500 మంది పడతారు" అన్నది కుర్చీల లెక్క. పడుకునే లెక్క వేరు. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ కనీస ప్రమాణం మనిషికి 3.5 చదరపు మీటర్లు, అంటే సుమారు 38 చదరపు అడుగులు.

స్టేజీ వదిలేస్తే హాలు 80 అడుగుల పొడవు, 45 వెడల్పు: 3,600 చదరపు అడుగులు. నడవలకు, తలుపుల ముందు ఖాళీకి, పేర్ల నమోదు బల్లకు 540 తీసేస్తే 3,060. దాన్ని 38తో భాగిస్తే 80 మంది. పెళ్లికూతురు గది, పెళ్లికొడుకు గది ఒక్కొక్కటి 12 × 14 అడుగులు, గదికి నలుగురు చొప్పున 8 మంది. మొత్తం 88. డైనింగ్ హాలును ఈ లెక్కలో కలపలేదు. అన్నం తినే చోట పడుకోబెడితే రెండో రోజుకే ఈగలు, చీమలు.

పెళ్లికూతురు గది బాలింతలకు, గర్భిణులకు. రెండోది జ్వరం, విరేచనాలు ఉన్నవాళ్లకు. రెండింటికీ లోపలే మరుగుదొడ్డి ఉంది కాబట్టి ఈ పంపకం.

నలుగురి కుటుంబానికి 12 × 12½ అడుగుల గడి. నేల మీద రంగు టేపుతో గీశాం, గడికో నంబరు. మధ్య అడ్డుకు టెంట్ హౌస్ కనాతులు, ఇనుప గొట్టాలకు కట్టి, అయిదు అడుగుల ఎత్తు వరకే. అంతకు మించితే ఫ్యాన్ గాలి లోపలికి రాదు, పొద్దున్నే కనాతులు మడిచి పక్కన పడేస్తారు.

హాలు పచ్చ కార్పెట్ ముందే చుట్టి పైకి పంపాలి. తడి కాళ్లతో జనం వచ్చాక అది ఆరదు, మూడో రోజుకు వాసన. గ్రానైట్ నేల రాత్రి చల్లగా ఉంటుంది కాబట్టి కింద టార్పాలిన్, పైన ప్లాస్టిక్ చాప, దాని మీద జంపఖానా.

జూన్ 11, 12. సెప్టిక్ ట్యాంకు

హాలు ఎంతమందిని మోస్తుందో తేల్చేది నేల వైశాల్యం అనుకుని మొదలుపెట్టాం. రెండు రోజుల్లో ఆ అభిప్రాయం మారింది.

మరుగుదొడ్లు ఎనిమిది: మగవాళ్ల వైపు మూడు, ఆడవాళ్ల వైపు మూడు, గదుల్లో రెండు. కనీస ప్రమాణం 30 మందికి ఒకటి కాబట్టి కాగితం మీద 240 మందికి చాలు. ఎనిమిదీ కలిసేది మాత్రం ఒకే ట్యాంకులో. లోపలి కొలత 10 × 6 అడుగులు, నీటి లోతు 5 అడుగులు: 300 ఘనపుటడుగులు, దాదాపు 8,500 లీటర్లు.

ఆ 8,500లో పనికొచ్చేది ఎంతో చూడాలంటే పొడవాటి వెదురు కర్రకు పాత తెల్ల తువ్వాలు గట్టిగా చుట్టి అడుగు తగిలేదాకా దించాలి. కొన్ని నిమిషాలు ఉంచి మెల్లగా పైకి లాగాలి. నల్లటి మరక ఎంత ఎత్తుకు అంటిందో అంత మడ్డి. ఇక్కడ మడ్డి రెండున్నర అడుగులు, పైన గట్టి పొర ఇంకో అడుగు. మిగిలింది అడుగున్నర నీళ్లు, 2,550 లీటర్లు. మనిషికి రోజుకు మరుగుదొడ్డి నీళ్లు 20 లీటర్లు వేసుకుంటే 88 మందికి 1,760. అంటే నీరు ట్యాంకులో నిలిచేది ఒకటిన్నర రోజు కూడా కాదు. మడ్డి అడుగున కూర్చోకముందే కొట్టుకుపోయి, ట్యాంకు నుంచి నీళ్లు పోయే ఇంకుడు గుంతలో రాళ్ల సందులు పూడుస్తుంది.

మడ్డి తీయించాం, 4,000 లీటర్ల సెప్టిక్ ట్యాంకర్ రెండు ట్రిప్పులు. అడుగున ఒక అడుగు వదిలేశాం, మిగిలిన సూక్ష్మజీవులు మళ్లీ పని మొదలుపెట్టాలి కదా. భూగర్భ జలం పైకి ఉన్న రోజుల్లో పూర్తిగా ఖాళీ చేస్తే కింది నుంచి నీటి ఒత్తిడికి ట్యాంకు పగిలే ప్రమాదమూ ఉంది. మనిషిని లోపలికి దింపే ప్రసక్తే లేదు. చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం, ట్యాంకులోని విషవాయువుకు నిమిషాల్లో ప్రాణం పోతుంది. పైపు అందకపోతే నీళ్లు కొట్టి మడ్డిని పల్చన చేసి లాగాలి.

హాలు మనుషులకు ఒక అలవాటు ఉంది, పెళ్లి అయిన మర్నాడు దొడ్లలో ఆసిడ్, ఫినాయిల్ సీసాలకు సీసాలు పోస్తారు. ట్యాంకులో మడ్డి అరగకపోవడానికి అదే కారణం. ఆశ్రయం నడిచినన్ని రోజులు సబ్బునీళ్లు, గట్టి బ్రష్షు మాత్రమే.

ఇంకుడు గుంతను కూడా పరీక్షించాం. 200 లీటర్ల డ్రమ్ము పోస్తే గంటలోపే ఇంకింది. "బాగుంది" అని రాసుకున్నాం. ఆ మాట తప్పని జులైలో తెలిసింది.

జూన్ 20. నీళ్లు

బోరు నీళ్లు, తాగే నీళ్లు వేర్వేరు దారుల్లో నడవాలి. నల్లగొండలో ఇది ఒకరు చెప్పే పని లేదు, అయినా వాన రాత్రి హడావుడిలో వంటవాళ్లు దగ్గరున్న నల్లా తిప్పేస్తారు. బోరు నీటిలో ఫ్లోరైడ్ ఉంటే మరిగించినా పోదు, నీరు ఆవిరయ్యేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. బియ్యం, పప్పు ఆ నీటిని పీల్చుకుంటాయి. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) తయారుచేసి మన ఊరి పేరే పెట్టింది. కానీ ఆ మోతాదు నీటి గుణాన్ని బట్టి మారుతుంది, కలపాలి, తేరాలి, పరీక్షించాలి. అర్ధరాత్రి వచ్చిన 88 మందికి అది కుదరదు. తాగడానికి, వంటకు మిషన్ భగీరథ నీళ్లే.

బోరు నల్లాలన్నిటికీ ఎర్ర టేపు, భగీరథ నల్లాలకు నీలం టేపు. అక్షరాల బోర్డు కంటే రంగు తొందరగా పని చేస్తుంది.

లెక్క: మనిషికి రోజుకు వాడకం నీళ్లు 40 లీటర్లు (దొడ్డికి 20, స్నానానికి 15, మిగిలినది చేతులకు, గిన్నెలకు). 88 మందికి 3,520. పైన రెండు 2,000 లీటర్ల సింటెక్స్‌లు ఉన్నాయి, ఒక రోజుకు చాలు. తాగడానికి 3, వంటకు 4 లీటర్లు చొప్పున 616. దీనికి వంటషెడ్డు పక్కన ఇటుక దిమ్మె మీద వేరే 1,000 లీటర్ల ట్యాంకు, కింద నాలుగు నల్లాలు.

క్లోరిన్ సంగతి. ట్యాంకర్‌లో తెచ్చే భగీరథ నీళ్లు శుద్ధి చేసే ఫిల్టర్ బెడ్ దగ్గర క్లోరిన్ వేసినవే అయినా దారిలో అది తగ్గిపోతుంది. ముందు పరీక్ష చేయాలి, తర్వాతే కలపాలి. 25 శాతం క్లోరిన్ ఉన్న బ్లీచింగ్ పౌడర్ 40 గ్రాములు ఒక లీటరు నీటిలో కలిపితే 1 శాతం ద్రావణం. గంటసేపు తేరనిచ్చి పైన తేటనే తీసుకోవాలి, అడుగు సున్నం పోస్తే నల్లాలు పూడిపోతాయి. పరీక్షలో సున్నా వస్తే 1,000 లీటర్లకు 200 మిల్లీలీటర్ల ద్రావణం. అరగంట ఆగి మళ్లీ పరీక్ష: నల్లా దగ్గర లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాములు మిగలాలి. పరీక్ష కిట్టులోని చుక్కలు వేస్తే పసుపు రంగు రాకపోతే ఇంకో 50 మిల్లీలీటర్లు. తెరిచిన సంచిలో ఉన్న పౌడర్ వానాకాలం గాలికే చచ్చిపోతుంది. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో కిలో చొప్పున పెట్టాలి, తెరిచిన తేదీ మీద రాయాలి.

జూన్ 26. కరెంటు

5 హెచ్‌పీ బోరు మోటారును 5 కేవీఏ జనరేటర్ మీద నడపాలని చూస్తే ఆగిపోయింది. మోటారు లేచేటప్పుడు మామూలు కరెంటుకు ఐదారు రెట్లు లాగుతుంది. దానికి 15 కేవీఏ అయినా కావాలి. హాలులో పెద్ద సెట్టు ఉంది, కానీ లైట్ల కోసం అది రాత్రంతా నడిస్తే డీజిల్ మిగలదు. పెద్దది పొద్దున గంట, సాయంత్రం గంట ట్యాంకులు నింపడానికి. చిన్నది లైట్లకు, ఫ్యాన్లకు, ఫోన్ల చార్జింగ్‌కు. చార్జింగ్ బల్లకు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించాం. తడి చేతులతో ప్లగ్గులు పట్టుకునే చోటు అది.

జులై 5. సామాను

రోజుకు 88 మందికి సరుకులు, పెద్దవాళ్లకు సుమారు 2,200 కేలరీల లెక్కన: బియ్యం 31 కిలోలు (మనిషికి 350 గ్రాములు), కందిపప్పు 4.5, నూనె 3 లీటర్లు, పొద్దున ఉప్మాకు రవ్వ 7 కిలోలు, కూరగాయలు 15, ఉల్లిగడ్డ 5, గుడ్లు మూడు ట్రేలు, అరటిపళ్లు 90. పిల్లలకు పెద్దల కొలతే వేశాం, వాళ్లు మిగిల్చింది రాత్రి ఆలస్యంగా వచ్చేవాళ్లకు సరిపోతుంది. ముసలివాళ్లు జొన్నరొట్టె అడుగుతారు. ఒక్కొక్కటి చేత్తో తట్టాల్సిన రొట్టెను ఇంతమందికి చేయలేం, రాత్రికి జొన్న గటక పెట్టొచ్చు. మధ్యాహ్నం అన్నం రాత్రికి దాచకూడదు. వండిన నాలుగు గంటల్లో అయిపోవాలి.

గంజులు, డ్రమ్ములు, గరిటెలు కొనలేదు. టెంట్ హౌస్‌తో రోజు అద్దె రాసుకున్నాం. కొన్నవి: మూత బకెట్లు 30, మగ్గులు 30, దొడ్డి దారికి చార్జింగ్ లైట్లు 8, టార్పాలిన్లు 12, శానిటరీ ప్యాడ్లు, వాటికి కాలితో తెరిచే మూత డబ్బాలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు. దొడ్డి గడియలన్నీ చూశాం. ఎనిమిదిలో మూడింటికి లోపలి గడియే లేదు. పెళ్లిలో నాలుగు గంటలు ఎవరూ పట్టించుకోరు గానీ, రాత్రిపూట ఆడపిల్లలకు అది పెద్ద సంగతి.

జులై 19, 20. ఒక రాత్రి పరీక్ష

40 మంది వాలంటీర్లు సాయంత్రం ఆరు నుంచి మర్నాడు పది వరకు ఉండి చూశారు. అంతకుముందు నాలుగు రోజులు ముసురు.

రాత్రి పదకొండుకు డైనింగ్ హాలు పక్కనున్న దొడ్డిలో బుడబుడమని చప్పుడు. అది మిగతా వాటి కంటే అడుగున్నర కిందికి ఉంది. పన్నెండుకు నీళ్లు పైకి వచ్చాయి. ట్యాంకు మూత తీస్తే నిండా ఉంది, ఇంకుడు గుంతలో నీళ్లు నేలకు రెండు అడుగుల కిందే నిలబడి ఉన్నాయి. జూన్ ఎండలో గంటలోపు ఇంకిన గుంత ముసురు పట్టాక ఇంకడం మానేసింది. చుట్టూ భూమే నీళ్లతో నిండి ఉంటే గుంత ఏం చేస్తుంది? ఎండాకాలంలో చేసిన ఇంకుడు పరీక్షకు వానాకాలంలో విలువ లేదు. వరద ఆశ్రయానికి అసలు పరీక్షే చేయకుండా, గుంత చచ్చిందనుకుని లెక్క వేసుకోవడం మేలు.

అలా వేసిన లెక్క ఇది. మడ్డి తీసిన ట్యాంకులో ఖాళీ జాగ 4 అడుగులు, 6,800 లీటర్లు. రోజుకు దొడ్ల నీళ్లు 1,760. అంటే నాలుగు రోజుల లోపే నిండుతుంది. ఈ హాలులో స్నానాల గదుల పైపు కూడా అదే ట్యాంకులోకి ఉంది. రోజుకు ఇంకో 1,320 కలిపితే 3,080, రెండు రోజులకే నిండుతుంది. సర్వేలో ఈ పైపును ఎవరూ గమనించలేదు.

మిగతావి చిన్నవి. దొడ్డి దారిలో లైటు కళ్లలోకి కొడుతోంది, కిందికి తిప్పాం. పక్క షట్టర్లకు బయటి నుంచి తాళాలు వేశారు, నిప్పంటుకుంటే దారి ఒక్కటే. మనుషులున్నంత సేపు తాళాలు తీసి బల్ల మీద పెట్టాలి. "ఫ్రిజ్ ఉంది" అని జాబితాలో రాసుకున్నది తీరా చూస్తే ఐస్‌క్రీమ్ పెట్టే డీప్ ఫ్రీజర్. ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కసారి గడ్డకడితే మళ్లీ కరిగినా పనికిరాదు. ఒక మామూలు ఫ్రిజ్ తెప్పించి, ఫ్రీజర్ మీద "మందులు పెట్టొద్దు" అని రాసి అంటించాం.

జులై 24 నుంచి 28. దిద్దుబాట్లు

స్నానాల పైపును ట్యాంకు ముందే కోసి, 4 అంగుళాల పీవీసీతో బయటి మోరికి కలిపాం. మోరి పొంగితే ఎదురు రాకుండా చివర నాన్ రిటర్న్ వాల్వు. వాల్వు మూసుకున్నప్పుడు లోపలి నీళ్లూ బయటికి పోవు కాబట్టి, పెరట్లో ఎత్తు మీద వేరుగా ఆరు స్నానపు గడులు కట్టాం: అడుగు ఎత్తు ఇటుక, ఇసుక, పైన షాబాద్ బండలు, చుట్టూ టార్పాలిన్. నాలుగు ఆడవాళ్లకు, రెండు మగవాళ్లకు. ఆ నీళ్లు పక్క ఖాళీ ప్లాటులోకి పోతాయి.

కిందికున్న దొడ్డిని వాడకుండా ఇసుక సంచితో మూశాం. అయినా అది పనికొస్తుంది. బుడబుడ మొదలైతే ట్యాంకు నిండుతోందని గుర్తు. మిగిలినవి ఏడు. ఆడవాళ్లకు నాలుగు, మగవాళ్లకు రెండు, జ్వరం గదిది ఒకటి. ఒక్కోదానికి సగటున 13 మందికి లోపే.

సెప్టిక్ ట్యాంకర్ మూడో రోజుకోసారి రావాలి, పిలవకుండానే. వరద సమయంలో పట్టణంలో అందరికీ అదే ట్యాంకర్ కావాలి, ఫోన్ చేసి పిలిస్తే వారం పడుతుంది. ఇద్దరితో రాసుకున్నాం.

ఆగస్టు చివరివారం. తెరిచిన రోజులు

రాత్రి ఒంటిగంటకు మొదటి కుటుంబాలు వచ్చాయి. బల్ల దగ్గర అడిగినవి: ఇంటి పెద్ద పేరు, ఎంతమంది, వయసులు, గర్భిణులు, వికలాంగులు, రోజూ వేసుకునే మందులు, ఇల్లు ఎక్కడ. ఆధార్ అడగలేదు. తడిసిపోయిందో కొట్టుకుపోయిందో తెలియని కాగితం కోసం తడి బట్టల మీద మనిషిని నిలబెట్టడం దండగ. నమోదు కాగితంలో మందుల గడి ఎక్కువ పని చేసింది. తెల్లారేసరికి బీపీ, షుగర్ మాత్రల జాబితా ఆశా కార్యకర్త చేతిలో ఉంది. ఫోన్ నంబర్లున్న జాబితా గోడకు అంటించలేదు, గడి నంబర్లు మాత్రమే.

అన్నం లెక్క, పడక లెక్క ఎప్పుడూ కలవవు. పగలు మగవాళ్లు ఇళ్ల దగ్గర బుర్ద ఎత్తుతారు, రాత్రి ఇంటికొకరు మిద్దె మీద సామానుకు కాపలా పడుకుంటారు. పొద్దున ఆరింటికి, రాత్రి తొమ్మిదింటికి రెండుసార్లు లెక్కించి, వంటకు పొద్దుటి లెక్క, చాపలకు రాత్రి లెక్క తీసుకున్నాం. కాపలా ఉన్నవాళ్లకు అన్నం మూత డబ్బాల్లో పంపాలి. పంపకపోతే ఇంటివాళ్లు తమ పళ్లెంలోంచి తీసి పంపుతారు.

మేకలు, కోళ్లు వస్తాయని ఊహించాం, వచ్చాయి. పార్కింగ్ చివర కట్టించాం. తాగునీటి ట్యాంకుకు వీలైనంత దూరంగా.

మూడో రోజు ట్యాంకర్ వచ్చింది, సమయానికే. మూత తీస్తే లెక్క కంటే ఎక్కువ నిండింది. పొద్దున దొడ్ల దగ్గర వరస కట్టినప్పుడు పెద్ద బకెట్లు పెట్టి వదిలేశాం, జనం బకెట్ బకెట్ పోస్తున్నారు. అయిదు లీటర్ల చిన్న బకెట్లే దొడ్ల దగ్గర ఉంచి, పెద్దవి స్నానాల గడులకు మార్చాం. రెండో విడత సగటు లెక్కకు దగ్గరికి వచ్చింది.

నీళ్ల డ్రమ్ములకు మూతలు లేకపోతే వారంలో దోమ పిల్లలు. శుక్రవారం డ్రై డే (దోమలు పెరగకుండా పాత్రలు ఎండబెట్టే రోజు) నాడు అన్నీ వంచి, ఎండలో బోర్లించి, రుద్ది మళ్లీ నింపాం.

సెప్టెంబరు మొదటివారం. మూసివేత

అందరినీ ఒకే రోజు పంపించలేదు. ఇంట్లో బుర్ద తీసి, లైన్‌మ్యాన్ వచ్చి మీటరు చూశాకే ఆ కుటుంబం పేరు ముందు గీత. చివరికి రెండు కుటుంబాలు మిగిలాయి, వాళ్ల గోడలు కూలాయి. వాళ్లను రెండో హాలుకు మార్చాం, అక్కడ భాద్రపదం అంతా బుకింగులు లేవు.

హాలు అప్పగించేముందు చేసినవి: ట్యాంకు మళ్లీ తీయించడం, ఈసారీ అడుగున ఒక అడుగు వదిలి. పైన సింటెక్స్‌లు కడిగి క్లోరిన్ పట్టించడం. నేల టేపు తీయడం, జిగురు కిరోసిన్‌తో పోయింది. కనాతుల్లో నాలుగు చిరిగాయి, టెంట్ హౌస్‌కు డబ్బులు కట్టాం. స్నానాల పైపు, వాల్వు అలాగే ఉంచమని యజమానిని అడిగితే ఒప్పుకున్నాడు. ఇసుక సంచి కూడా ఆ దొడ్డిలోనే ఉంది, వచ్చే పెళ్లి రోజు పొద్దున తీయాలని వాచ్‌మన్‌కు చెప్పి వచ్చాం.